ముప్పై లోపు

వైశాఖంలో కాలవలు కట్టేశాక
మా రేవు పట్నంలో పారేది ఒక్కటే నీరు,
మేం వదిలింది.
స్నానాల గదుల్లోంచి, హోటళ్ల అంట్లలోంచి,
ఆసుపత్రి వెనక సందులోంచి
ఎవరికీ ఏమీ కానట్టు నడిచొచ్చి
వశిష్ఠ గట్టు కింద తూములో తల దూరుస్తుంది.
పాటు వేళ అంతర్వేది దాకా పోతుంది.
పోటు వేళ సముద్రం దాన్ని తిరిగి పంపేస్తుంది,
చిరునామా తప్పిన ఉత్తరంలా.

ఆ తూము దగ్గర నా ఉద్యోగం.
ఐసు పెట్టె, రెండు సీసాలు, లక్క, కొవ్వొత్తి, తాడు.
నోటీసిచ్చి, సంతకం తీసుకుని,
వాళ్ల కళ్లెదుటే ముంచి, వాళ్ల కళ్లెదుటే సీలు వేసి,
వాళ్లకో సగం, చట్టానికో సగం.
పన్నెండేళ్లుగా ముంచుతున్నాను.
నేను వెళ్లేసరికి ప్లాంటులో మోటార్లు
తనిఖీ నాటి బడిపిల్లల్లా బుద్ధిగా తిరుగుతుంటాయి.
తొట్టి నిండా తెల్లటి బుడగలు.
ఆపరేటరు ఇజ్రాయేలు టీ తెప్పిస్తాడు.
ఫలితం ఇరవై ఎనిమిది. మళ్లీ ఇరవై ఎనిమిది.
హద్దు ముప్పై.

సీసాలో ఏం చూస్తారు నాన్నా, అని అడిగింది మా అమ్మాయి.
మూడు రోజులు చీకట్లో పెడతాం.
కంటికానని ప్రాణులు మురికిని తింటూ
నీటిలోని ఊపిరిని వాడుకుంటాయి.
మొదట ఎంత ఉంది, చివరికెంత మిగిలింది,
ఆ తేడా రాసుకుంటాం.
"అయితే మీరు కొలిచేది మురికిని కాదుగా,
పోయిన ఊపిరిని."
తొమ్మిదో తరగతి. అన్నం కలుపుకుంటూ అంది.
నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

పోయిన కార్తీకంలో తూరుపు గాలి తిరిగాక
ఓలేటి చింతాలు రేవులో కూర్చునుంది.
ఏటా అక్కడే చీరమేను అమ్ముతుంది,
గ్లాసుతో కొలిచి, పైన చిటికెడు కొసరు వేసి.
ఆ రోజు తపేలా బోర్లించి ఉంది.
నా ఐసు పెట్టె చూసి "ఏం పడ్డాయి బాబూ?" అంది.
నీళ్లు, అన్నాను.
"నీళ్లకి ఐసెందుకు? చచ్చిపోయాయా?"
నవ్విందో లేదో తెలియలేదు, వెలుతురు చాలదు.
"మావోడు మూడింటికి వల లాగితే నల్లటి జిగురొస్తంది.
తమరు పదకొండింటికొస్తారంట.
గోదారి పదకొండింటికి లేస్తాదా అండీ?"

ఆ మాట నాతో ఆరు నెలలు తిరిగింది.

ఈ వైశాఖంలో ఓ రాత్రి మూడింటికి వెళ్లాను.
మోటార్లు లేవు. కప్పలు కూడా లేవు.
తొట్టి మీద నిశ్చలంగా చంద్రుడు, వాసనతో.
ఇజ్రాయేలు లుంగీ సర్దుకుంటూ లేచొచ్చాడు, దాక్కోలేదు.
"కరెంటు బిల్లు కట్టలేదు సార్, ఎనిమిది నెలలు.
డీజిలు రోజుకి మూడు గంటలకే ఇస్తారు.
ఆ మూడూ మీ కోసం దాచిపెడుతున్నాను."
కాగితం చాపాను. సంతకం పెట్టాడు,
పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా.
టీ తెప్పించడానికి ఆ వేళ కొట్టు లేదని నొచ్చుకున్నాడు.

మూడో రోజు: నూట నలభై ఆరు.

నివేదిక పైకి వెళ్లింది.
కిందికి వచ్చింది మెమో, నా పేరు మీద:
ముందస్తు ఉత్తర్వు లేకుండా రాత్రివేళ
నమూనా ఎందుకు తీసితిరో సంజాయిషీ ఇవ్వవలెను.
నాలుగు రకాలుగా రాసి చింపాను.
ఐదోసారి ఒక్క వాక్యం:
ఆ వేళ కూడా నది పారుచున్నందున.

సాయంత్రం రేవుకెళ్లి
పంటు రేట్లు రాసిన పలక మీద
మోటారు సైకిలు రేటు కింద
సుద్దముక్కతో రాశాను. 146. హద్దు 30.
"దేనికండీ అంత రేటు?" అన్నాడు టికెట్ల కుర్రాడు.
చెప్పాను. పంటు వచ్చింది, వెళ్లిపోయాడు.

మర్నాటికి ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు.
ఎల్లుండికి మళ్లీ ఉంది.
ఆరు కొంచెం వంకరగా,
వేలితో చేపల లెక్క రాసే వాళ్ల ఆరులా.
నా దస్తూరీ కాదు.